వందన సమర్పణతో పూడిన గుంత

ఆ రోజుల్లో మాటంటే నాకు మహా గౌరవం. ఉన్న విషయాన్ని ఉన్నట్టు చెప్పడానికే మాట పుట్టిందనీ, తప్పుల్లేకుండా, ఉచ్చారణ చెడకుండా చెబితే లోకం వినక ఏం చేస్తుందనీ గట్టిగా నమ్మేవాణ్ణి. కాలేజీలో వక్తృత్వ పోటీల్లో గెలుచుకున్న స్టీలు గిన్నెలు మా అమ్మ వంటింట్లో వరసగా పేర్చి ఉండేవి. (ఇప్పటికీ మా ఇంట్లో పెరుగు తోడుపెట్టేది "పర్యావరణ పరిరక్షణ, ప్రథమ బహుమతి" అని చెక్కిన గిన్నెలోనే.) అలాంటి నేను తెనాలి నుంచి సూట్‌కేసుతో బెంగళూరు వచ్చిపడి, కుందలహళ్ళిలో టెక్ పార్కు వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుని, ఇంకొకళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగంలో చేరాను. తప్పులు పట్టడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి ఉద్యోగం సుఖంగానే సాగింది. దిక్కులేనిదైపోయింది నా వక్తృత్వమే. ఆఫీసులో నోరు తెరిస్తే ఇంగ్లీషు, ఆటో ఎక్కితే కన్నడం. నా తెలుగు చెల్లుబాటయ్యే చోటు మా గది కిందున్న దోశక్క హోటల్ ఒక్కటే.

దోశక్కవాళ్ళు తాతల నాటి నుంచీ బెంగళూరువాళ్ళే. ఆమె మాట్లాడేది తెలుగే గానీ, మొదటి రోజు "ఇడ్లీ ఉందాండీ?" అని అడిగితే "ఉండాది, కూర్చోప్పా" అంది. నాలోని తప్పులు పట్టేవాడు ఊరుకుంటాడా? "ఉండాది కాదండీ, ఉంది అనాలి" అన్నాను. ఆవిడ గరిటె పట్టుకుని నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, "తింటావా, పాఠం చెప్తావా?" అంది. తిన్నాను. ఆ తర్వాత రోజూ తిన్నాను. జ్వరం వస్తే పైకి గంజి పంపింది, ఇంటి మీద బెంగ పుడితే "ఊరికే సుమ్మనే ఏడవద్దప్పా, ఇంకో దోశ తిను" అని ప్లేటులో వేసింది. ఆ ఊళ్ళో నాకు ఇల్లంటూ ఉంటే అది ఆ నాలుగు బల్లల హోటలే.

ఆ హోటల్ ముందు ఒకనాడు గుంత తవ్వారు. నీళ్ళ పైపు వేస్తామని మిషన్ తెచ్చి సందు పొడుగునా మనిషి నడుం లోతు తవ్వి, పైపు వేసి, మట్టి ఒక పక్కన పోగుపోసి, అలా వెళ్ళినవాళ్ళు మళ్ళీ కనబడలేదు. దోశక్క దాని మీద ఒక చెక్క పలక వేసింది. అప్పటిదాకా బండి ఆపి దోశ తినిపోయే లాప్‌టాప్ సంచుల జనం ఆ పలక చూసి అవతలి నుంచే దండం పెట్టి పోవడం మొదలుపెట్టారు. ధైర్యం చేసి దాటబోయిన ఒక మేనేజరుగారు చట్నీ ప్లేటుతో సహా దిగబడ్డారు. (ఆయన మా మేనేజరే. ఆ సాయంత్రం ఆయన నా పని మెచ్చుకోకపోవడానికి కారణం నేను చూసి నవ్వడమే అని నా నమ్మకం.) వానలు పడ్డాక గుంతలో కప్పలు చేరాయి. పొద్దుటి పిండి సాయంత్రానికీ మిగిలిపోవడం మొదలైంది. ఒకరోజు పెనం మీద నీళ్ళు చిలకరిస్తూ దోశక్క, "చవితి పండగైనంక ఖాళీ చేసేస్తానప్పా. షాపు ఓనరుకు మాట ఇచ్చేస్తిని. ఫోన్లమ్మే షోరూమువాడు వస్తాడంట" అని మామూలుగా చెప్పింది. ఆమె మామూలుగా చెప్పినందుకే నాకు ఎక్కువ బాధ వేసింది. దోశ సగంలో వదిలేసి, చేయి కడుక్కుని, నేరుగా అయిపాయన్న దగ్గరికి వెళ్ళాను.

అయిపాయన్న అంటే మా ప్రాంతపు నాయకుడు. పాతకాపు. ఏ పార్టీ అని అడక్కండి, ఆ విషయంలో ఆయనకే ప్రతి ఎన్నికకూ కొంత సందిగ్ధం ఉండేది. తెల్లటి ఇస్త్రీ బట్టలు, చేతులు ఎప్పుడూ జోడించే ఉండేవి. ఏ పని అడిగినా ఒకటే జవాబు: "అయిపాయ, పో!" రేషన్ కార్డు రాలేదన్నా అయిపాయ, వీధి లైటు వెలగలేదన్నా అయిపాయ. పని అయ్యేది కాదు గానీ, అడిగినవాడు మాత్రం సగం తృప్తితో ఇంటికి వెళ్ళేవాడు. నేను గుంత సమస్యను పూర్వాపరాలతో, కారణాలతో, అందమైన వాక్యాల్లో వివరించాను. ఆయన కళ్ళు మూసుకుని విని, "ఎంత బాగా మాట్లాడ్తివి సారూ! నాకు ఉపన్యాసాలు రాసిపెట్టు. ఆంధ్రావాళ్ళు జాస్తి అయినారు ఈడ, మన తెలుగు వాళ్ళకు చాలడం లేదు" అన్నాడు. "మరి గుంత?" అన్నాను. "అయిపాయ!"

గుంత కోసం ఏదైనా చేస్తాననే స్థితిలో ఉన్నాను కాబట్టి ఒప్పుకున్నాను. (నా తెలుగుకు మళ్ళీ మైకు దొరుకుతుందన్న ఆశ కూడా కొంచెం ఉంది. కొంచెమేం, చాలానే ఉంది.) ఆదివారమంతా కూర్చుని మొదటి ఉపన్యాసం రాశాను. నగర విస్తరణ, మౌలిక వసతులు, ప్రణాళికా లోపం, ఒకదాని తర్వాత ఒకటి మెట్లు కట్టినట్టు వచ్చాయి. అయిపాయన్న చదివి, కళ్ళజోడు తీసి, నాకేసి జాలిగా చూశాడు. "సారూ, ఇందులో నేను చేసేది ఏముండాది? అంతా చెప్పడమే గదా. చెప్పేదానికి టీవీలు ఉండాయి. జనం నా దగ్గరికి వచ్చేది నేను ఏం చేస్తానా అని చూసేదానికి."

"ఉపన్యాసంలో ఏం చేస్తామన్నా? మాట్లాడతాం గదా" అన్నాను.

"మాటతోనే చెయ్యల్ల. మొదట మొక్కల్ల. మైకు ముందర మొక్కితే మొక్కినట్టే, ఎవరూ కాదనలేరు. ఆ తర్వాత క్షమించమని అడగల్ల. 'ఇన్నాళ్ళు నేను రాలేదు, తప్పు నాదే, కొట్టండి' అంటే ఎవడన్నా కొడ్తాడా? కొట్టడు. కొట్టలేదంటే క్షమించినట్టే లెక్క. అంతట్లో ఒకరిని బెదిరించల్ల. బెదిరించేటప్పుడు వాడు ఆడ ఉండకూడదు. బెదిరించినాక మనకు పవరు ఉండాదని జనం నమ్ముతారు. అప్పుడు మాట ఇయ్యల్ల. ఆఖర్న 'ప్రకటిస్తా ఉండా' అనల్ల. ఏం ప్రకటిస్తివని ఎవరూ అడగరు, చప్పట్లు కొడ్తారు."

నేను నోరు తెరిచి విన్నాను. ఇన్నేళ్ళుగా నేను మైకు ముందు నిలబడి సమాచారం అందిస్తున్నాను, ఈయన అదే మైకు ముందు నిలబడి క్షమాపణ పుచ్చుకుంటున్నాడు, హక్కు తీసుకుంటున్నాడు, అధికారం వేసుకుంటున్నాడు. అప్పటిదాకా ఎవరూ ఆయనకు ఏ పదవీ ఇవ్వలేదు. అయినా "నేను ఆజ్ఞ ఇస్తా ఉండా" అన్నప్పుడల్లా ఆయన పదవి ఒక అంగుళం పెరిగేది. నా గిన్నెలన్నీ ఒక్కసారిగా చిన్నబోయాయి.

ఆయన విద్య కళ్ళారా చూసింది మా సందు మొదట్లో పెట్టిన సభలో. గుంత సంగతి ఎవరో లేపగానే అయిపాయన్న జేబులోంచి ఫోను తీసి, చెవిన పెట్టుకుని, మైకులోనే గర్జించాడు. "ఏమయ్యా ఇంజనీరూ! మా అక్కచెల్లెండ్లు పలక మీద నడస్తా ఉండారు, నీకు సిగ్గు లేదా? రేపు పొద్దునకల్లా పని మొదలు కావల్ల. అర్థమాయనా?" జనం ఊగిపోయారు. సరిగ్గా అప్పుడే ఆయన చెవి దగ్గరున్న ఆ ఫోను "ట్రింగ్ ట్రింగ్" మని మోగింది. నేనైతే అక్కడికక్కడే ఆ గుంతలోనే దూకేవాణ్ణి. అయిపాయన్న రెప్ప కూడా వేయలేదు. ఫోను పైకెత్తి జనానికి చూపించి, "చూడండప్పా! భయపడి మళ్ళీ వాడే చేస్తా ఉండాడు!" అన్నాడు. చప్పట్లే చప్పట్లు. మర్నాడు పొద్దున పని మొదలు కాలేదు. ఆ మర్నాడూ కాలేదు. దోశక్క పెద్ద గిన్నెలు ఒక్కొక్కటే తోమి బోర్లించి గోనెసంచిలో సర్దడం మొదలుపెట్టింది.

ఆ సంచి చూశాక నాకు కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు నాకు బుర్ర పనిచేస్తుంది, మిగతా వేళల్లో దాని హామీ లేదు. వినాయక చవితికి మా సందులో పందిరి వేశారు. ఆర్కెస్ట్రా ఉంది, ముఖ్య అతిథి అయిపాయన్న. నన్ను చూడగానే కమిటీవాళ్ళు, "సారుకు తెలుగు బాగా వచ్చు, వందన సమర్పణ ఇద్దాం" అన్నారు. బెంగళూరులో ఏ సభా వందన సమర్పణ లేకుండా ముగియదు, దాన్ని విన్న మనిషీ ఉండడు. ఆ సమయానికి జనం చెప్పులు వెతుక్కుంటుంటారు, షామియానా అతను కూర్చున్నవాళ్ళ కింది నుంచే కుర్చీలు లాగేస్తుంటాడు. అంత అవమానకరమైన పనిని నేను పళ్ళికిలించుకుంటూ ఒప్పుకున్నాను. తర్వాత దోశక్క దగ్గరికి పోయి, "అక్కా, ప్రసాదం పులిహోర నువ్వే గదా చేసేది? అది వందన సమర్పణ అయ్యాకే పంచుతామని మైకులో చెప్పించు" అన్నాను. "ఎందుకప్పా?" అంది. చెప్పాను. పెనం గీకుతూనే విని, "ఏమో, నీ ఇష్టం. పులిహోర మాత్రం బాగా చేస్తా" అంది.

ఆ సాయంత్రం పాటలయ్యాయి, ముఖ్య అతిథి మొక్కాడు, క్షమించమన్నాడు, అక్కడ లేని నలుగురిని బెదిరించాడు, కూర్చున్నాడు. పులిహోర వాసన పందిరంతా అలుముకుంది. ఒక్క మనిషి కదల్లేదు. నేను మైకు దగ్గరికి వెళ్ళాను. మాట ఎక్కడా తడబడలేదు. (వక్తృత్వ పోటీల పుణ్యం.) మైకువాడికి, పందిరివాడికి, కరెంటువాడికి వందనాలు చెప్పి, అప్పుడు అన్నాను: "చివరగా, మన గణపయ్య నిమజ్జనానికి వెళ్ళే లోపల ఈ గుంత పూడ్చాలని ఆజ్ఞ ఇచ్చిన మన అన్నకు, ఈ సందులోని ఆడవాళ్ళందరి తరఫున, పిల్లలందరి తరఫున, పలక మీంచి జారిపడినవాళ్ళందరి తరఫున కృతజ్ఞతలు సమర్పిస్తున్నాను. ఇందుకు గాను అన్నకు ఇప్పుడే మైసూరు పేట పెట్టి సన్మానం!"

అలాంటి ఆజ్ఞ ఏదీ ఆయన ఇవ్వలేదు. అది నాకు తెలుసు, ఆయనకు తెలుసు, వినాయకుడికి తెలుసు. కానీ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టేశారు. పుచ్చుకోని మేలుకు ఒకసారి నోరారా కృతజ్ఞత చెప్పేశాక, దాన్ని కాదనడమెలాగో అయిపాయన్నకూ తెలియదు. శాలువా కప్పారు, దండ వేశారు, పళ్ళ బుట్ట చేతిలో పెట్టారు. పేట, అంటే తలపాగా, పెట్టాల్సింది దోశక్క. ఆమె జరీ అంచు పేట రెండు చేతులా పట్టుకుని స్టేజీ ఎక్కింది. నేను చెప్పింది పెట్టి దిగిపోమనే. ఆమె పేట ఆయన తలకు పెట్టి, చేతులు తీయకుండా అలాగే నిలబడి, "నా హోటలు నిలబెడ్తివప్పా. నీ కడుపు చల్లగుండ" అంది. ఆ మాటతోనే ఆమెకు ఏడుపొచ్చేసింది. నటన కాదు. అది చూసి నాకూ వచ్చింది, ముందు వరసలో ఉన్న కమిటీ అధ్యక్షుడికీ వచ్చింది.

అయిపాయన్న నాకేసి చూశాడు. ఒక పనివాడు ఇంకో పనివాడి చేతి పని చూసినట్టు చూశాడు. తర్వాత మైకు అందుకుని, "మా రైటరు సారు స్వల్ప ముందరే చెప్పేసినాడు. నేనే ప్రకటించల్లనుకున్నా. పోనీ, ఇప్పుడు ప్రకటిస్తా ఉండా!" అన్నాడు. మళ్ళీ చప్పట్లు. అలవాటు చొప్పున ఫోను తీసి చెవికి పెట్టుకోబోయాడు. నేను రెండడుగుల్లో పక్కకు చేరి, "స్పీకర్లో పెట్టండన్నా, జనం కూడా వినాలి" అని మైకు ఫోనుకు ఆనించాను. ఆయనకు వేరే దారి లేకపోయింది. ఇంజనీరు నంబరు వెతికి నొక్కాడు. పందిరంతా రింగు వినిపించింది. ఎత్తారు. "హలో... యారు?" అంది అవతలి గొంతు.

యారు అంటే ఎవరు అని. రోజూ ఆయన బెదిరిస్తున్న ఇంజనీరుకు ఆయనెవరో తెలియదు. నా పథకం ఇక్కడితో మటాష్ అనుకున్నాను. అయిపాయన్న నుదుటి మీద, పేట కింద, చెమట బొట్టు ఒకటి కనబడింది. కానీ ఆయన ఆయనే. "యారా? జనం మాట్లాడ్తా ఉండారయ్యా, వినుకో!" అని ఫోను చేత్తో పైకెత్తి, మా అందరివైపు తిరిగి, "చెప్పండప్పా, ఏం కావల్ల?" అన్నాడు. అంతే. తెలుగులో, కన్నడంలో, తమిళంలో, హిందీలో, పందిట్లో ఉన్న ప్రతి నోరూ ఒక్కసారి గుంత గుంత అని అరిచింది. ఫోనులోంచి సన్నగా, "ఆయ్తు సార్, ఆయ్తు. నాళెనే మాడిస్తీని" అంది ఆ గొంతు. రేపే చేయిస్తానని. ఆ రాత్రి మా సందులో పులిహోర రెండోసారి వండాల్సొచ్చింది.

మర్నాడు కంకర లారీ వచ్చింది. నేను ఆఫీసుకు సెలవు పెట్టి మేడ మీంచి చూస్తూ కూర్చున్నాను. (జ్వరమని చెప్పాను. మా మేనేజరుకు గుంత పూడుతోందని చెప్పి ఉంటే ఆయనే సెలవిచ్చేవాడు, తోచలేదు.) మట్టి పోసి, కంకర పరిచి, రోలరు తిప్పి, నిమజ్జనం నాటికి తారు కూడా వేశారు. అయిపాయన్న రిబ్బను తెచ్చి "ఈ రోడ్డు ప్రజలకు అంకితం చేస్తా ఉండా" అని కత్తిరించాడు. వేడి ఇంకా పూర్తిగా చల్లారని ఆ తారు మీంచి గణపయ్య ట్రాక్టరు డప్పులతో సాగిపోతుంటే నేను అందరికంటే ముందు ఎగిరాను. లోకంలో ఉన్న గుంతలన్నీ నా నోటితోనే పూడ్చేయగలనని ఆ రోజు నాకు నమ్మకం. అయిపాయన్న నా భుజం మీద చేయి వేసి, చెవిలో, "నాకే ముకుతాడు వేస్తివి గదా సారూ. ఎలక్షనుకు నువ్వు నా తట్టే ఉండల్ల" అన్నాడు.

అంత ఊరేగింపులోనూ దోశక్క మొహంలో కళ లేదు. దగ్గరికి వెళ్ళి, "ఇంకేంటక్కా, ఇక హోటలు ఖాళీ చేయక్కర్లేదు గదా" అన్నాను. "మాట ఇచ్చేస్తినప్పా ఓనరుకు. ఇచ్చిన మాట ఎట్ల వాపసు తీసుకునేది? నేనెప్పుడూ తీసుకోలేదు" అంది. ఇంత చేసినవాణ్ణి, ఈ ఒక్కదానికి నా దగ్గర మాట లేదు. పక్కనే నిలబడి వింటున్న అయిపాయన్న పకపకా నవ్వి, "అక్కా, అది నాకు ఇడిచిపెట్టు. నాకు అలవాటే!" అన్నాడు.

పేట తల మీద అలాగే ఉంచుకుని, డప్పులవాళ్ళను వెంటేసుకుని షాపు ఓనరు ఇంటి ముందుకు పోయాడు. నేనూ వెంట ఉన్నాను. ఓనరు బయటికి రాగానే అయిపాయన్న మొక్కాడు. "సార్, ఖాళీ చేస్తానని మీకు మాట ఇచ్చింది మా అక్క కాదు, ఆ గుంత. గుంత పాయ. దాంతోపాటు ఆ మాటా పాయ" అన్నాడు. ఓనరు ఆయన్ని చూశాడు, పేటను చూశాడు, వెనక డప్పులను చూశాడు, ఆ వెనక తల దించుకుని కొంగు నలుపుకుంటున్న దోశక్కను చూశాడు. "సరే పోమ్మా, రేపు నాలుగు సెట్ దోశలు పంపు" అన్నాడు. అప్పుడు మోగిన డప్పు నా చెవుల్లో చాలా రోజులు మోగింది.

ఎలక్షనుకు నేను అయిపాయన్న తట్టు లేను. అప్పటికి ఉద్యోగం మారి మారతహళ్ళికి వెళ్ళిపోయాను. ఇప్పుడు నాకు విడిగా గది ఉంది, నా కింద మనుషులున్నారు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడటమే నా పని. ఇంట్లో ఫ్యాను ఆపమని చెబితే మాత్రం మా పిల్లలు తల కూడా ఎత్తరు. మైకు పట్టుకుని నిలబడిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, ఎక్కడో కొంచెం అసూయ కూడా వేస్తుంది. నెలకొకసారైనా కుందలహళ్ళి పోయి ఆ బల్ల మీదే కూర్చుంటాను. దోశక్క జుట్టు తెల్లబడింది, పెనం దగ్గర కోడలు నిలబడుతోంది. నన్ను చూడగానే దోశక్క ప్రతిసారీ అదే అడుగుతుంది: "ఏమప్పా, ఈ నడుమ ఏ గుంత పూడిపిస్తివి?"

"ఏమీ లేదక్కా, అన్నీ మీటింగులే" అంటాను. ఆమె నన్నొకసారి జాలిగా చూసి, "పోనీలే, తిను" అని ప్లేటులో ఇంకో దోశ వేయిస్తుంది.